ఊహకు దిద్దుబాటు

ఊహాశక్తి గలవాడు ఎదుటి మనిషిని మిగిలినవారికన్న బాగా అర్థం చేసుకుంటాడని మనకొక నమ్మకం ఉన్నది. సాహిత్యం బోధించే నాబోటివాళ్ళ బతుకుతెరువే ఈ నమ్మకం మీద నడుస్తున్నది. కథ చదివిన కుర్రవాడు తనది కాని బాధను కాసేపు తనదిగా అనుభవిస్తాడనీ, ఆ అలవాటు వల్ల రేపు బజారులో కనిపించే మనిషి పట్ల కూడా మెలకువగా ఉంటాడనీ, కనక కథలూ నాటకాలూ చదివించడం సమాజానికి మేలు చెయ్యడమేననీ తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను. అది అబద్ధమని ఇప్పటికీ అనను. కాని అందులో ఉన్నది సగం నిజమే. రెండో సగం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. అంచేత ముందు ఆ తప్పు చెప్పి, తరవాత వాదంలోకి వస్తాను.

సుమారు పదిహేనేళ్ళ కిందట నేనొక చిన్న పట్నంలో కళాశాలలో పనిచేస్తూ ఉండేవాణ్ణి. నెలలో కొన్ని రాత్రులు విద్యార్థుల హాస్టలు భోజనశాలను చూసుకునే వంతు నామీద పడేది. అక్కడ వంట చేసే ఆమె నలభై దాటిన మనిషి. మాట తక్కువ. కట్టెల పొయ్యి వెనక గోడమీద బొగ్గుతో గీసిన గీతలు వరసలు వరసలుగా ఉండేవి. ఒకనాటి రాత్రి పిల్లలందరూ తిని వెళ్ళిన తరవాత ఆమె ఆ గోడ ముందు నిలబడి ఇంకా గీయడం చూశాను. ఆమె భర్త చాలా ఏళ్ళ కిందట పని వెతుక్కుంటూ దేశాల మీదకి పోయి తిరిగి రాలేదని ఎవరో చెప్పగా అంతకు ముందే విని ఉన్నాను. ఆ గోడా ఈ మాటా నా మనసులో ఒక్క క్షణంలో కలిసిపోయినై. ఆ రాత్రే కూచుని కథ రాశాను. కథలో వంటమనిషి భర్త కోసం ఎదురుచూస్తూ రోజుకొక గీత గీస్తుంది. చివరికి గోడ నిండిపోతుంది, గీయడానికి చోటుండదు. కథ కళాశాల సంచికలో అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. ఒక సభలో చదివి వినిపించినప్పుడు ముందు వరసలో ఒకరు కళ్ళు తుడుచుకోవడం చూసి నేను లోలోపల ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

తరవాతి సంవత్సరం మెస్సు బిల్లు పెరిగిందని పిల్లలు గొడవ చేశారు. రిజిస్టరు ప్రకారం స్టోరు గదిలో నుంచి వెళ్ళిన బియ్యానికీ వండిన అన్నానికీ పొంతన కుదరలేదు. వంటవాళ్ళే ఎత్తుకుపోతున్నారన్న మాట పుట్టింది. విచారణకు వేసిన కమిటీలో నేనూ ఒకణ్ణి. ఆమెను పిలిచి అడిగితే ఒకటే మాట చెప్పింది: "పూటపూటకీ నాకు కొలిచి ఇచ్చిన డబ్బాలెన్నో గోడమీద గీసి పెట్టుకున్నాను బాబూ. రాసుకున్నది ఎంతో, నాకిచ్చింది ఎంతో చూసుకోండి." కాని వేసవి సెలవుల్లో ఆ గోడకు సున్నం కొట్టించారు. "ఈ మాస్టారు చూశారు గదా, అడగండి" అన్నది. అందరూ నావేపు తిరిగారు.

నేను చూసిన మాట నిజమే. కాని ఏం చూశాను? వరసకు ఎన్ని గీతలున్నవో, పూటకూ పూటకూ మధ్య ఏ గుర్తు పెట్టిందో నాకు తెలియదు. రోజుకొకటి అని కథలో రాసుకున్నాను కనక నా జ్ఞాపకంలో కూడా అవి రోజుకొకటిగానే మిగిలినవి. గీతలు చూశానని చెప్పగలిగాను. అవి బియ్యం లెక్క అని చెప్పగలవా అంటే చెప్పలేకపోయాను. పైపెచ్చు కమిటీలో ఒకాయన నవ్వుతూ, "అవి మొగుడి కోసం గీసిన గీతలని తమరే రాశారు గదండీ!" అన్నాడు. ఆమె పని పోయింది.

ఆమె కూతురు మా కళాశాలలోనే చదువుతూ ఉండేది. వారం రోజుల తరవాత ఆ సంచిక పట్టుకుని నా గదికి వచ్చింది. కోపంగా మాట్లాడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "మాస్టారూ, మా నాన్న కోసం మా అమ్మ ఎప్పుడూ ఎదురుచూడలేదు. ఆయన పోయాకే ఇంట్లో నిద్రపట్టిందనేది. మీ కథలో మా అమ్మ ఆరుసార్లు ఏడ్చింది. నేను ఇంతవరకూ ఒక్కసారి చూడలేదు" అన్నది. కొంచెంసేపు ఊరుకుని, "మీరు ఒక్కసారి అడగవలసింది" అని వెళ్ళిపోయింది.

ఆ గోడ ముందు నిలబడిన నేను ఎందుకు అడగలేదు? ఇదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

నాలో సానుభూతి లేక అడగలేదనడం సరికాదు. కావలసినంత సానుభూతి ఉన్నది. ఊహ లేక అడగలేదనడం అసలే సరికాదు. ఊహాశక్తి బొత్తిగా లేని గుమాస్తా ఎవరైనా అక్కడ నిలబడి ఉంటే, "గోడంతా పాడుచేస్తున్నావు, ఏమిటివి?" అని కసిరి ఉండేవాడు. ఆమె చెప్పి ఉండేది. నాకు ఆ అవసరం కలగలేదు. ప్రశ్న పుట్టకముందే నా కథ జవాబు చెప్పేసింది.

సృజనాత్మకమైన ఆలోచన అంటే ఏమిటో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. గిల్ఫర్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1950లో తమ సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ, తెలివితేటలను కొలవడం మీద చూపిన శ్రద్ధ సృజనశక్తి మీద ఎవరూ చూపలేదని ఎత్తిపొడిచాడు. ఉన్న ఒక్క సమాధానానికి చేరే ఆలోచన వేరు, ఒక్కచోట బయలుదేరి అనేక దారులుగా విడిపోయే ఆలోచన వేరు అని ఆయన విభజించాడు. 1964లో ఆర్థర్ కోస్లర్ సృజన మీద పెద్ద గ్రంథమే రాశాడు. సంబంధం లేని రెండు విషయాలు ఒక బిందువు దగ్గర హఠాత్తుగా కలుసుకోవడమే హాస్యానికీ, శాస్త్ర పరిశోధనకూ, కళకూ కూడా మూలమన్నది ఆయన సిద్ధాంతం. నా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. గీతలు ఒక విషయం. పోయిన భర్త ఇంకొక విషయం. రెండూ కలిసినై, మెరుపు మెరిసింది.

ఆ మెరుపులో ఆనందం ఉంటుంది. ఆ ఆనందాన్ని మనం సత్యానికి గుర్తుగా తీసుకుంటాం. చిక్కు అక్కడే వస్తున్నది. యంత్రం కనిపెట్టినవాడికి కూడా ఇటువంటి మెరుపే మెరుస్తుంది గాని, యంత్రం తిరగకపోతే వాడి ఆనందం ఒక్క పూట కూడా నిలవదు. ఛలోక్తి వేసినవాడికి ఎదుటివాళ్ళు నవ్వకపోతే వెంటనే తెలిసిపోతుంది. మనిషిని గురించి చేసే ఊహకు పరీక్ష ఎక్కడున్నది? ఆ మనిషి దగ్గరే ఉన్నది. మనం ఆ మనిషిని తప్ప అందరినీ అడుగుతాం. నా కథను సంపాదకుడు పరీక్షించాడు, మిత్రులు పరీక్షించారు, సభలో శ్రోతలు పరీక్షించారు. అందరూ బాగున్నదన్నారు. బాగాలేదని చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆ సమయాన గిన్నెలు తోముకుంటూ ఉన్నది.

ఈ సంగతి మన సాహిత్యానికి తెలియనిది కాదు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మొదట 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. ఆ నాటకాన్ని సంఘసంస్కరణ నాటకంగా మనం చదువుకున్నాం, ఆచారాల మీద విమర్శగా చదువుకున్నాం. తోటి మనిషిని ఊహించుకోవడంలో ఉన్న రకాలను గురించిన నాటకంగా కూడా దాన్ని చదవవచ్చునని నాకు ఈ మధ్యనే తోచింది.

గిరీశాన్ని మోసగాడని తేల్చెయ్యడం తేలిక. మోసగాళ్ళు మన సాహిత్యంలో చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ నూరేళ్ళకు పైగా బతకలేదు. గిరీశం బతికి ఉండడానికి కారణం అతనిది నిజమైన ప్రతిభ కావడమే. ఏ రెండు విషయాలనైనా అతను క్షణంలో కలపగలడు. చుట్ట కాల్చడానికి శాస్త్రం చూపగలడు. వితంతు వివాహాన్ని సమర్థించే నోటితోనే ఎదుటివాడికి కావలసిన మరో వాదాన్ని అంతే అందంగా అల్లగలడు. గిల్ఫర్డ్ పరీక్ష పెడితే మొదటి తరగతిలో నెగ్గుతాడు. ఇంత ఊహ ఉన్న ఈ మనిషి నాటకం మొత్తం మీద ఎదుటి మనిషిని ఒక్కసారి కూడా చూడడు.

అతను వెంకటేశానికి చెప్పే బండివాడి కథ జ్ఞాపకం తెచ్చుకోండి. దారిపొడుగునా బండివాడికి నేషనల్ కాంగ్రెస్‌ను గురించి గంటల తరబడి ఉపన్యాసం ఇచ్చాడట. అంతా విని ఆ బండివాడు, కాంగ్రెస్‌వారు తమ ఊరి హెడ్డు కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడిగాడట. గిరీశం దీన్ని పల్లెటూరివాడి తెలివితక్కువతనానికి ఉదాహరణగా చెబుతాడు. మనమూ నవ్వుతాం. కాని కొంచెం ఆగి చూస్తే, ఆ సంభాషణలో రాజకీయం మాట్లాడినవాడు బండివాడొక్కడే. తన నెత్తిమీద కూచున్న అధికారం ఎవరిదో అతనికి తెలుసు; ఈ కొత్త సంఘానికి దాన్ని కదిలించే శక్తి ఉన్నదా లేదా అని అడిగాడు. దానికి గిరీశం దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో కాంగ్రెస్ దగ్గర కూడా లేదు. శ్రోత అడిగిన ప్రశ్న వక్తకు హాస్యంగా వినపడింది. మీలోనూ నాలోనూ రైతులకో కూలీలకో ఉపన్యాసం ఇచ్చి వచ్చి, వాళ్ళు అడిగిన "అమాయకపు" ప్రశ్నను స్నేహితులకు నవ్వుతూ చెప్పనివాళ్ళెందరు?

బుచ్చమ్మ విషయం ఇంకా ముఖ్యమైనది. ఆమె చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. ఆమెకు జరిగిన అన్యాయాన్ని గురించి గిరీశం చెప్పే మాటలన్నీ మనం ఒప్పుకోవలసినవే. ఇదే కష్టం. అతని వాదం మంచిది, ఆమె బాధ నిజమైనది, అయినా అతను ఆమెను చూడలేదు. తన ఉపన్యాసంలో ఒక వితంతువు కావాలి. తన జీవిత కథలో ఒక నాయిక కావాలి. ఆ రెండు ఖాళీలలోనూ బుచ్చమ్మ సరిపోయింది. నా కథలో కూడా ఒక విరహిణికి చోటున్నది, వంటమనిషి సరిపోయింది. నా సంగతి గిరీశం సంగతి ఒకటేనా అని మిత్రులు నొచ్చుకోవచ్చు. ఉద్దేశంలో ఒకటి కాదు. చూపులో ఒకటే.

ఇక గిరీశం తన్ను తాను ఎలా చూసుకుంటాడు? అతనిది కపటం అనుకుంటే, కపటికి తన అసలు ముఖం ఏదో తెలిసి ఉండాలి. గిరీశానికి ఆ ముఖం లేదు. వెంకటేశం ముందు గురువు, బుచ్చమ్మ ముందు ధర్మవీరుడు, సౌజన్యారావు ముందు సంస్కర్త. మాట్లాడుతున్నంతసేపూ ఆ వేషమే తానని నమ్ముతాడు. అన్నీ బయటపడిన చివరి ఘట్టంలో అతని నోట వచ్చే మాట తెలుగువాళ్ళందరికీ కంఠస్థమే, ఇక్కడ రాయనక్కరలేదు. అప్పటికి కూడా తాను తప్పు చేశానని అతనికి తోచదు; కథ తాననుకున్న దారిన నడవలేదని మాత్రం తోస్తుంది. ఎదుటివాళ్ళను పాత్రలుగా చూసేవాడు చివరికి తన్ను కూడా పాత్రగానే చూసుకుంటాడు. పాత్రకు పశ్చాత్తాపం ఉండదు.

అయితే దీనికి మందు ఊహను అదుపులో పెట్టి నియమాన్ని పట్టుకోవడమా? గురజాడ ఆ దారి కూడా చూపి, అది చాలదని చెప్పాడు. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడు, పరోపకారి. కాని అతనికి మనుషులు తరగతులుగా కనిపిస్తారు. వేశ్య ముఖం చూడకూడదన్నది అతని వ్రతం. ఒక నిరపరాధిని కాపాడడానికి కావలసిన నిజం మధురవాణి దగ్గర ఉన్నది. అయినా ఆ నిజం చెప్పడానికి ఆమె మగవేషం వేసుకుని అతని ఇంటికి రావలసివచ్చింది. గిరీశం తన కథ ఆపి అడగడు. సౌజన్యారావు తన నియమం దాటి అడగడు. ఫలితం వేరుగా ఉండవచ్చు గాని ఎదుటి మనిషి నోరు మూసుకుని ఉండవలసిన అవస్థ మాత్రం రెండుచోట్లా ఒకటే.

కరటకశాస్త్రి నాటకాలాడినవాడు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపడానికి, తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాయనకే పెళ్ళి చేస్తాడు. ఎంత చక్కని ఊహ! ఉద్దేశం కూడా మంచిదే; ఒక పిల్ల బతుకు నిలిచింది. కాని అతని ఊహ పెళ్ళిదాకా నడిచి అక్కడ ఆగిపోయింది. పెళ్ళికూతురు మాయమైన తరవాత ఆ ముసలాయన గతి ఏమిటని అతను ఆలోచించలేదు. ఎందుకంటే లుబ్ధావధాన్లు అతని ప్రహసనంలో పిసినిగొట్టు ముసలాడు, అంతే. ప్రహసనం అయిపోగానే ఆ పిసినిగొట్టు మీద హత్యానేరం వచ్చిపడింది.

ఆ ముసలాయన కూడా మనిషేనని గుర్తించినది మధురవాణి. అతని మీద ఆమెకు గౌరవం ఏమీ లేదు. అతని లోభం, అతని వెర్రి అన్నీ తెలుసు. తెలిసీ అతన్ని కాపాడడానికి బయలుదేరింది. ఊహలో ఆమె గిరీశానికి తీసిపోదు. వేషం వెయ్యడంలో కరటకశాస్త్రికి తీసిపోదు. అయినా ఆమె చూపు తప్పిపోదు. ఎందుచేత?

మంచి మనసు ఉన్నదనే జవాబు నాకు చాలదు. మంచి మనసు నాకూ ఉన్నదనుకున్నాను గదా. ఆమె స్థానాన్ని చూడాలి. మధురవాణి తన చుట్టూ ఉన్న మగవాళ్ళను సరిగా అర్థం చేసుకోకపోతే ఆమెకు రేపు తిండి ఉండదు, రక్షణ ఉండదు. రామప్పంతులు ఎప్పుడు బెదిరిస్తాడో, ఎప్పుడు బెదురుతాడో ఆమెకు ఖచ్చితంగా తెలియాలి. పంతులు ఆమెను తప్పుగా అంచనా వేస్తే అతనికి కలిగే నష్టం కాస్త అభిమానభంగం. ఆమె అతన్ని తప్పుగా అంచనా వేస్తే పోయేది బతుకు. పైనున్నవాడి ఊహకు శిక్ష లేదు కనక అది ఎంత దూరమైనా విహరిస్తుంది. కిందనున్నవాడి ఊహను ప్రతి పూటా లోకం దిద్దుతూనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, లోకం మొదటివాడి ఊహకు ప్రతిభ అని పేరు పెట్టింది. రెండోవాడిదానికి గడుసుతనమని పేరు పెట్టింది.

ఇది అర్థమైన తరవాత నాకు ఆ హాస్టలు గోడ కొత్తగా కనపడింది. ఆ వంటమనిషి ఏం చేసింది? స్టోరులో నుంచి తనకు వచ్చే బియ్యానికీ పుస్తకంలో రాసే బియ్యానికీ తేడా ఉండవచ్చునని పసికట్టింది. ఏదో ఒకనాడు ఆ తేడా తన నెత్తిన పడుతుందని ఊహించింది. ఆ రోజు తన మాట ఎవరూ నమ్మరనీ, గుర్తు ఒకటి ఉండాలనీ ఊహించింది. కాగితం తన చేతిలో నిలవదు కనక గోడను ఎంచుకున్నది. వంతుకు వచ్చిన మాస్టారు గోడవేపు చూడడం కూడా గుర్తుపెట్టుకుని, కావలసినప్పుడు సాక్షిగా పిలవవచ్చునని లెక్క వేసుకున్నది. ఎన్నో నెలల ముందే మా కమిటీని, మా ప్రశ్నలను, మా అనుమానాన్ని ఆమె ఊహించింది. ఒక్కటి కూడా తప్పలేదు. ఆమె తప్పుగా ఊహించినవి రెండే: సున్నం, నేను. ఆ వంటింట్లో ఊహాశక్తి గలవాణ్ణి నేనే అనుకున్నాను!

కిందనున్నవాళ్ళందరూ పైవాళ్ళను సరిగానే చూస్తారని ఇందుకు అర్థం చెప్పకూడదు. భయం కూడా కళ్ళకు పొరలు కమ్ముతుంది. అధికారి చిరునవ్వులో లేని దయను చూసి మోసపోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. నేను చెప్పేది ఇంతవరకే: ఊహ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఆ ఊహను ఎదుటి మనిషి దిద్దగలిగే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

"దిద్దుబాటు" అన్న మాట కూడా మనకు గురజాడ ఇచ్చినదే. 1910లో వచ్చిన ఆ చిన్నకథలో గోపాలరావు రాత్రి పొద్దుపోయేదాకా సానిపాటకు పోయి ఇంటికి వస్తాడు. చదువుకున్నవాడు, ఆడపిల్లల చదువు మంచిదనేవాడు. తన్ను గురించి తనకు మంచి అభిప్రాయమే ఉన్నది. భార్య కమలిని ఏమనుకుంటున్నదో అన్న ఆలోచన అంతవరకూ రాలేదు. ఇంట్లో ఆమె లేదు, ఉత్తరం ఉన్నది. ఆ ఉత్తరం చదివిన తరవాతనే అతనికి తన ముఖం కనపడింది. కమలిని ఎక్కడికీ పోలేదు, మంచం కిందనే ఉన్నది. అతను దిద్దుకోవడానికి ఆమె మాట్లాడవలసివచ్చింది; ఆమె మాట్లాడడానికి రాయడం వచ్చి ఉండవలసివచ్చింది. తన్ను తాను చూసుకోవడానికి కూడా ఎదుటి మనిషి నోరు అవసరమని చెప్పడానికి గురజాడకు పట్టినవి కొద్ది పుటలే.

ఇటీవలి శాస్త్ర పరిశోధన కూడా ఈ దిక్కుగానే పోతున్నది. సాహిత్యపు విలువ గల కథలు కాసేపు చదివినవారు ఎదుటివారి మనసును మెరుగ్గా గ్రహిస్తారని 2013లో కిడ్, కస్తానో అనే ఇద్దరు ప్రకటిస్తే నావంటి ఉపాధ్యాయులందరం సంతోషించాం. తరవాత ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసినవారికి ఆ ఫలితం రాలేదు. 2018లో ప్రకటించిన ఒక పెద్ద పునఃపరీక్షలో కూడా అది నిలవలేదు. ఒక కథ చదివితే ఒక పూటలో చూపు వస్తుందనుకోవడం అత్యాశే. అదే 2018లో ఎయల్, స్టెఫెల్, ఎప్లీ అనే ముగ్గురు ఇరవై అయిదు ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ఎదుటివారి స్థానంలో తమ్ము ఊహించుకోమని కొందరికి చెప్పి, వారి మనసులో ఉన్నది చెప్పమన్నారు. అలా ఊహించుకున్నవారి అంచనాలు ఇతరుల అంచనాల కన్న నిజానికి దగ్గరగా రాలేదు. సూటిగా మాట్లాడి ఎదుటివారి అభిప్రాయం అడిగి తెలుసుకున్నవారికి మాత్రం నిజం దొరికింది. "మీరు ఒక్కసారి అడగవలసింది" అని ఆ అమ్మాయి నాకు ఏ ప్రయోగమూ చెయ్యకుండానే చెప్పింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అడిగి రాయడమే ధర్మమైతే సాహిత్యం వార్తాపత్రిక అయిపోదా? చచ్చినవాళ్ళను గురించీ, దూరదేశాలవాళ్ళను గురించీ రాసేదెట్లా? గురజాడ వేశ్య కాడు, వితంతువు కాడు, బండివాడూ కాడు గదా! ఈ ఆక్షేపణలో బలం ఉన్నది. ఎవరి అనుభవం వాళ్ళే రాసుకోవాలని నేననను. అలా అంటే నోరున్నవాళ్ళ కథలే మిగులుతాయి. గురజాడ మధురవాణి కాలేదు; కాని మొదటి కూర్పుకూ రెండో కూర్పుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచినై, నాటకం ఆ కాలంలో మరొక నాటకంగా పెరిగింది. అచ్చయి పేరు తెచ్చుకున్న నాటకాన్ని మళ్ళీ ముందు వేసుకుని దిద్దడానికి కూచోవడమంటే, నా మొదటి ఊహ చాలలేదని ఒప్పుకోవడమే. అంతేకాదు, బండివాడి ప్రశ్నను గిరీశం వెటకారంలో ముంచెయ్యకుండా, దాని పదును మనకు తగిలేటట్టు పెట్టాడు. రచయిత ఊహ పాత్ర ఊహను దాటి బండివాడిదాకా పోయింది. రచనలో దిద్దుబాటుకు చోటుంచడమంటే ఇదే: చెప్పేవాడి కథకు లొంగని ఒక మాటను ఎదుటివాడి నోట ఉండనివ్వడం.

మన అభ్యుదయ కథలను ఈ కొలతతో ఒకసారి కొలుచుకుంటే మంచిది. మన కథల్లో పేదవాడు చాలాకాలం ఏడ్చాడు. ఏడుపు చాలునని మనమే విమర్శించిన తరవాత పిడికిలి బిగించాడు. ఈ రెండు అచ్చులూ మనం పోసినవే. ఏడవకుండా, పిడికిలి బిగించకుండా, పూటకెన్ని డబ్బాల బియ్యం వచ్చిందో గోడమీద గీసుకునే మనిషికి ఆ రెండింటిలోనూ చోటు లేదు. ఆమె చేసినదే పోరాటమని మనకు తోచకపోవడానికి కారణం, పోరాటం ఎలా ఉంటుందో మనం ముందే ఊహించి పెట్టుకోవడం.

ఇక తన్ను తాను చూసుకోవడం గురించి ఒక మాట. 2016లో డూమస్, డన్బార్ అనే పరిశోధకులు విద్యార్థులను మామూలు వస్తువులకు ఎన్ని ఉపయోగాలు తోస్తే అన్ని చెప్పమన్నారు. తమను విపరీతపు కవిగా ఊహించుకోమన్నప్పుడు ఎక్కువ చెప్పారు. కఠినుడైన గ్రంథాలయోద్యోగిగా ఊహించుకోమన్నప్పుడు తక్కువ చెప్పారు. సృజనశక్తి మనలో పాతుకుపోయిన గుణమనుకుంటాం గాని, మనం తగిలించుకున్న వేషాన్నిబట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. "నేను ఇటువంటివాణ్ణి" అనుకోవడం కూడా మనం రాసుకునే ఒక చిత్తు ప్రతే. నేను బీదల కష్టం తెలిసిన రచయితనని నా చిత్తు ప్రతిలో రాసుకున్నాను. ఆ వేషం నాచేత కథలు రాయించింది, కాదనను. కాని ఆ వేషం నిలవడానికి ఆమె ఏడవడం అవసరమైంది. ఆమె ఏడవకపోతే నేను దయగలవాణ్ణి ఎలా అవుతాను? ఎదుటివారిని తప్పుగా చూడడమూ తన్ను తాను తప్పుగా చూసుకోవడమూ రెండు తప్పులు కావు, ఒకటే తప్పు.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన తరవాత నేను కమిటీకి ఒక కాగితం రాసి ఇచ్చాను. నా కథలోని గీతల అర్థం నేను కల్పించినదనీ, ఆమెను నేనెప్పుడూ అడగలేదనీ, గోడమీద లెక్క ఉన్నదన్న ఆమె మాటను నా కథను చూపి కొట్టివెయ్యడం అన్యాయమనీ రాశాను. కాగితం ఫైలులో చేరింది. ఆమె పని తిరిగి రాలేదు. కథను నా సంపుటంలో చేర్చలేదు గాని, దానివల్ల ఆమెకు ఒరిగినది ఏమీ లేదని నాకు తెలుసు.

అప్పటి నుంచి నా తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. తమకు తెలిసిన పనివాళ్ళను గురించి రాయమని పిల్లలకు చెబుతాను. రాసినదాన్ని ముందు ఆ మనిషికే చదివి వినిపించాలి. ఆ మనిషి ఏమన్నాడో కింద రాసి, అప్పుడు నాకు ఇవ్వాలి. పైన ఉన్న రచనకు సగం మార్కులు, కింద ఉన్న మాటకు సగం. మొదటి ఏడాది చాలామంది "బాగుందన్నారు" అని రాసుకొచ్చారు. అది మర్యాద కోసం అన్న మాట. మళ్ళీ పంపాను. ఆటో నడిపే తన మేనమామను గురించి రాసిన కుర్రవాడు రెండోసారి తెచ్చిన కాగితంలో పైన రెండు పుటల వర్ణన ఉన్నది, రాత్రి, వాన, ఒంటరితనం. కింద మేనమామ మాట ఒక్క వాక్యం: "ఒరే, ఫైనాన్సు కిస్తీ గురించి ఒక్క ముక్క రాయలేదేమిరా?"

ఆ కుర్రవాడు సిగ్గుపడుతూ, తిరగరాసి తెస్తానన్నాడు. తీసుకురమ్మన్నాను. రాసే ముందు కిస్తీ ఎంతో అడిగి తెలుసుకోమన్నాను.